తప్పు తీగది, తిట్లు నాకు

నా పేరు టీ1000. ఎన్విడియా వర్క్‌స్టేషన్ కార్డుల్లో చిన్నదాన్ని. పొడవు జానెడు కూడా ఉండను. మెరిసే లైట్లు లేవు, విడిగా కరెంటు తీగ అక్కర్లేదు. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే దాంట్లోంచే మహా అయితే 50 వాట్లు తీసుకుంటాను. నాలో ఉన్న చిప్పు కుటుంబమే ఆటలవాళ్ళు కొనే జీటీఎక్స్ 1650లోనూ ఉంటుంది. ఆయనగారు ఆటల్లో పడి పేరు తెచ్చుకున్నాడు, నన్ను ఆఫీసులకు పంపారు. నా వీపున నాలుగు మినీ డిస్‌ప్లేపోర్టులున్నాయి. నా గొప్పంతా అక్కడే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అంటారు. అక్కడో షాపు అరలో ఉండగా బిల్డింగ్ డ్రాయింగులు వేసే ఆఫీసు ఇంజినీరు సారు వచ్చాడు. "మూడు 4కె మానిటర్లు కొన్నామయ్యా. బాగా పెద్ద కార్డు చూపించు" అన్నాడు.

"గేమ్స్ ఆడతారా సార్?"

"ఆటోక్యాడ్, ఎక్సెల్, నాలుగు పీడీఎఫ్‌లు. అంతే."

"దానికి పెద్దదెందుకు సార్?" అని షాపాయన నన్ను తీసి బల్లమీద పెట్టాడు. సారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పెళ్ళిచూపుల్లో కూడా అలా పెదవి విరవరు.

షాపాయన మాట నిజం. 4కె తెర అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు, మొత్తం దాదాపు 83 లక్షలు. ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక తెర బొమ్మ దాచడానికి నాకు 33 మెగాబైట్లు చాలు. మూడు తెరలైనా వంద మెగాబైట్లే. నా దగ్గర గిగాబైట్లలో ఉంది మెమరీ. ఆటలో ప్రతి నీడనూ ప్రతి నీటిచుక్కనూ లెక్కగట్టి గీయడం వేరు, గీసి ఉన్న డ్రాయింగును తెరమీద నిలబెట్టడం వేరు. ఈ తేడా తెలియక అవసరానికి మించిన కార్డు కొనేవాళ్ళు ఎంతమందో!

ఆఫీసులో నన్ను బిగించింది ఒక కుర్రాడు. బిగించడం బాగానే బిగించాడు. మానిటర్ పెట్టెల్లో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుళ్ళే వాడాలని పట్టుబట్టాడు. నాకేమో హెచ్‌డీఎంఐ రంధ్రమే లేదు. ఒక కేబుల్ నేరుగా తీసుకెళ్ళి మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి గుచ్చాడు. నేను రాగానే ఆ కంప్యూటర్ తన సొంత గ్రాఫిక్స్ ఆపేసుకుంది కాబట్టి ఆ తెర నల్లగానే ఉండిపోయింది. మిగతా రెండింటికి ఎక్కడో చవగ్గా దొరికిన కన్వర్టర్లు తగిలించాడు. బొమ్మ వచ్చింది. కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

డ్రాఫ్టింగ్ చేసే మేడమ్ కూర్చోగానే మొహం చిట్లించింది. "సార్, మౌస్ ఈడ్చుకుంటూ వస్తోంది. గీత జరిపితే నా చెయ్యి ముందు, అది వెనక."

"చెప్పానా, చిన్న కార్డు అంటగట్టాడని!" అన్నాడు సారు.

అసలు సంగతి ఇది. ఆ 83 లక్షల చుక్కలను సెకనుకు 60 సార్లు పంపాలంటే దాదాపు 50 కోట్ల చుక్కలు. చుక్కకు 24 బిట్ల చొప్పున సుమారు 12 గిగాబిట్లు. నా ఒక్కో పోర్టు డిస్‌ప్లేపోర్ట్ 1.4 రకం. మొత్తం 32.4 గిగాబిట్లలో సంకేతాల ఖర్చు పోను 25.92 మిగులుతుంది. అంటే ఒక్క పోర్టుకే ఇలాంటివి రెండు తెరలు మోసే సత్తా ఉంది. చవక కన్వర్టర్ మాత్రం 4కె బొమ్మను సెకనుకు 30 సార్లకు, అంటే 30 హెర్ట్జ్‌కు, మించి దాటనివ్వదు. గుండిగలో పప్పుకి లోటు లేదు, వడ్డించే గరిటె చిన్నది. తిట్లు మాత్రం వంటవాడికి.

చివరికి షాపాయనకు ఫోన్ చేశారు. ఆయన ఒకటే అడిగాడు. "సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి ఎన్ని హెర్ట్జ్ అని ఉందో చదవండి సార్."

"ముప్పై."

"మీ మానిటర్ వెనక డిస్‌ప్లేపోర్ట్ ఉందా?"

ఉంది. మూడింటికీ ఉంది. కొన్నప్పటి ప్లాస్టిక్ మూత కూడా తియ్యలేదు. మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు నేరుగా వెళ్ళే కేబుళ్ళు మూడు తెప్పించారు. మూడు తెరలూ 60 హెర్ట్జ్‌కు వచ్చాయి. అక్షరాలు చీమల్లా ఉంటే స్కేలింగ్ 150 శాతం పెట్టారు. మేడమ్ ఎడమన ప్లాన్, నడుమ ఎలివేషన్, కుడిన ఎస్టిమేట్ పరుచుకుంది. సారు నన్ను పొగడలేదు కానీ తిట్టడం మానేశాడు.

కుర్రాడు ఊరుకోడు కదా. మూడు మానిటర్లనూ ఒకదాని వెనక ఒకటి గొలుసు కట్టి నా ఒక్క పోర్టుకే తగిలిద్దామన్నాడు. డిస్‌ప్లేపోర్ట్‌లో ఆ సదుపాయం ఉంది, మానిటర్‌ కూడా ఒప్పుకోవాలి. కానీ లెక్క ఇందాకే చెప్పాను. రెండు తెరలకు పాతిక గిగాబిట్లు అయిపోతే మూడోది ఎక్కడ పడుతుంది? పైగా మూడు పోర్టులు ఖాళీగా పెట్టుకుని ఈ పొదుపెందుకు? హబ్బులు ఎన్ని తగిలించినా నేను నడిపేది నాలుగు తెరలే, ఐదోది రాదు.

మొన్న ఆ నాలుగోదీ వచ్చింది. మూలనపడ్డ పాత మానిటర్, 75 హెర్ట్జ్‌ది. అప్పటినుంచి ఎవరూ పని చేయనప్పుడు కూడా నా ఒళ్ళు చల్లబడటం లేదు. నా మెమరీ వేగం తగ్గించుకోవాలంటే ఏ తెరా బొమ్మ మధ్యలో లేని క్షణం దొరకాలి. ఒకటి 60, ఒకటి 75 అయితే ఆ క్షణాలు కలవవు. అందుకని పూర్తి వేగంలోనే ఉండిపోతున్నాను. దాన్ని కూడా 60కి దించితే చాలావరకు సరిపోతుంది. ఎవరికీ తట్టలేదు. నేను చెప్పలేను, నా ఫ్యాను చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

మానిటర్లు కొనబోయే వాళ్ళకు నా మనవి ఒక్కటే. కార్డు ధర అడిగే ముందు మానిటర్ వెనక్కి వంగి ఏ రంధ్రాలున్నాయో చూడండి, ఆ రంధ్రానికి నేరుగా వచ్చే కేబుల్‌కు డబ్బు పెట్టండి. బొమ్మ వచ్చాక హెర్ట్జ్ ఎంతుందో చదవండి. అప్పటికీ ముప్పై దగ్గరే ఉంటే, తిట్టే ముందు ఇంకో కేబుల్ మార్చి చూడండి.