స్కాన్‌ఎఫ్ ద్విపాదికి టికియాపారా టీక

అవతారిక: హౌరాలో ఖరగ్‌పూర్ వైపు లోకలెక్కినవారికి మొదట తగులు స్టేషను టికియాపారా. హుగ్లీకి ఆవలి ఒడ్డుదైనను బంధువులందరును కలకత్తాయే అందురు, టీకాకారుడు వాదింపడు. అచ్చటి అద్దెగదిలో మా మేనల్లుడు, ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువారి బిడ్డ, "ఇంకా ఆడతావా?" అని అడుగు ఆట నొకదానిని సి భాషలో వ్రాసెను. ఆట రెండవమారు ప్రశ్న వేసి, జవాబు వినకయే ముగిసెను. "మామయ్యా, కంప్యూటర్ చెడిపోయింది" అనెను. చెడినది కంప్యూటరు గాదు.

మూలము:
స్కాన్‌ఎఫ్("%సి", &అ);
ప్రింట్‌ఎఫ్("%సి", అ);

ప్రతిపదార్థము: స్కాన్‌ఎఫ్ = కీబోర్డు నుండి గ్రహించి; %సి = ఒక్క అక్షరమును, ఏదైనను సరే; &అ = అ యొక్క ఇంటికి చేర్చును (యొక్క, కి రెండును షష్ఠియే, చిన్నయసూరి తప్పు పట్టడు); ప్రింట్‌ఎఫ్ = తెరపై వెలువరించును. చివరి చుక్క కామా మరచినచో కంపైలరు తిట్టును.

తాత్పర్యము: మనము వై నొక్కి, ఎంటరు నొక్కుదుము. ఎంటరును అక్షరమే, ఆస్కీలో దాని సంఖ్య 10. మొదటి స్కాన్‌ఎఫ్ అను లోకలు వై నెక్కించుకొని పోవును. ఎంటరు ప్లాట్‌ఫారముపై నిలిచియుండును. తరువాతి బండి రాగానే అందరికన్న ముందు అదియే ఎక్కును. ప్రింట్‌ఎఫ్ దానినే అచ్చువేయును గనుక తెరపై ఖాళీ వరుస తప్ప ఏమియు కానరాదు.

శంక: అంకెలు చదువునపుడు ఈ బాధ లేదేమి? సమాధానము: %డి దారిలోని ఖాళీలను, ఎంటర్లను దాటుకొని పోయి అంకెను వెదకును. %సికి అట్టి పట్టింపు లేదు.

మతాంతరము: ఎఫ్‌ఫ్లష్(ఎస్‌టీడీఇన్) చాలునని కొందరు, ముఖ్యముగా ట్యూషను పండితులు. అది అవుట్‌పుట్ కొరకు చెప్పబడినది. ఇన్‌పుట్‌పై ప్రయోగించిన ఏమగునో సి ప్రమాణము నిర్ణయింపలేదు. కొన్నిచోట్ల పనిచేయుటే దాని దోషము.

సిద్ధాంతము: % ముందు ఒక ఖాళీ విడువవలెను. ఆ ఖాళీ, నిలిచియున్న ఎంటర్ల నన్నిటిని మ్రింగును. మేనల్లుడు స్పేస్‌బార్ ఒక్కమారు నొక్కెను, ఆట సాగెను.

విశేషము: శుభమా యని ఇప్పుడు "శ్రీ" టైపు చేయమంటిని. 1970ల మొదట బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఈ భాషను కట్టినపుడు, ఇంగ్లీషు అక్షరము ఒక్క బైటులో హాయిగా ఇమిడెను. మన శ్రీ అట్లు గాదు. యూటీఎఫ్-8లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘము తలకు 3 బైట్ల చొప్పున 12. %సి వానిలో ఒక్కదానిని గ్రహించి, తెరపై ప్రశ్నార్థకము చూపెను. తక్కిన 11 బైట్లును, వాని వెనుక ఎంటరును, ఇంకను ప్లాట్‌ఫారము మీదనే ఉన్నవి.