మైలేజీ గారు

ఉక్కునగరంలో ఏ సెక్టారుకి వెళ్ళి "మైలేజీ గారిల్లెక్కడండీ?" అని అడిగినా ఎవరో ఒకరు చెయ్యెత్తి ఓ గేటు చూపిస్తారు. సెక్టారు మారితే మనిషి మారతాడు గానీ మైలేజీ గారు లేని సెక్టారు లేదు. రిటైర్మెంటు దగ్గరపడిన వయసు. గేటు ముందు ఏడు సీట్ల తెల్ల ఎర్టిగా. డ్యాష్‌బోర్డు అరలో ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాల మీద ఓ పాత డైరీ, దానికి పురికొసతో కట్టిన పెన్ను. పెళ్ళిరోజు ఎప్పుడో ఆయనకి గుర్తుండకపోవచ్చు. కిందటి సంక్రాంతికి లీటరుకెంత వచ్చిందో అడగండి, దశాంశంతో సహా చెబుతారు.

ఈ జబ్బు విశాఖ ఉక్కు ప్లాంటులో అంటుకున్నదే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటగా పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర, టన్ను హాట్‌మెటల్‌కి ఎన్ని కిలోల కోక్ తగలబడిందన్నదే అసలు లెక్క. కోక్ రేటంటారు. సర్వీసంతా కోక్ రేటు ఎందుకు తగ్గలేదని పైవాళ్ళ చేత అడిగించుకున్న మనిషి చేతికి, తాను అడగడానికి ఓ ఇంజను దొరికితే ఊరుకుంటాడా?

పెట్రోలు కొట్టించడానికి తెల్లవారుజామునే బయల్దేరతారు. చల్లటి పూట పెట్రోలు చిక్కగా ఉంటుందని నమ్మకం. బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, దానికి పైన ఎండ కాసిందో మంచు కురిసిందో పెద్దగా పట్టదని చెప్పినా వినరు. బండి దిగి మీటర్లో సున్నా తాను చూస్తారు, కుర్రాడి చేత చూపించుకుంటారు. కాసేపటికి నాజిల్ టక్కుమని ఆగుతుంది.

"అయిపోయింది సార్."

"అప్పుడేనా? ఉండు."

వెనక్కి వెళ్ళి, డిక్కీ డోరుకి రెండు చేతులూ ఆనించి, బండిని నాలుగు ఊపులు ఊపుతారు. లోపలి గాలి బయటికి రావాలిట. మళ్ళీ నాజిల్, మళ్ళీ టక్కు. వెనకాల ఆటోవాడు తల బయటపెట్టి, "ఏటి గురువుగారూ, నిద్దరోయిందా ఇంకా?" అంటాడు.

నిండా కొట్టించి తిరిగి, మళ్ళీ నిండా కొట్టించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించే పద్ధతి మటుకు సరైనదే. ఆ ఊపుడొక్కటే శాస్త్రంలో లేదు.

భాగహారం అయ్యాక డైరీలో పడిన అంకె 13.8. కంపెనీవాడు చెప్పింది 20.51. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే ఆయన జీవితం గడుస్తోంది. ఆ 20.51 పుణేలో బళ్ళని పరీక్షించే ఏఆర్‌ఏఐ వాళ్ళు కొలిచిందనీ, అక్కడ బండి రోలర్ల మీద ఉన్నచోటే తిరుగుతుందనీ, ఏసీ వెయ్యరనీ ఆయనకీ తెలుసు. ఆ రోలర్లకి గాజువాక జంక్షన్ లేదు, హనుమంతవాక ఎత్తు లేదు, సింహాచలం ఘాట్ రోడ్డు అసలే లేదు. అయినా ఆయన అనుమానం మాత్రం పెట్రోలు మీదే. ఈ మధ్య అందులో 20 శాతం ఎథనాల్ కలుస్తోందని చదివాక అది పగగా ముదిరింది. ఎథనాల్‌కి పెట్రోలంత సత్తువ లేని మాట నిజమే, మూడో వంతు తక్కువ. దాని వల్ల మైలేజీ కొద్ది శాతం పడిపోతుంది. మిగతాది గాజువాకలో గేర్లు మార్చడానికే ఖర్చవుతుంది.

ఇంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. మల్కాపురం దగ్గర రిఫైనరీ చిమ్నీలు కనబడినప్పుడల్లా ఆయన నిట్టూరుస్తారు. 1957లో కాల్టెక్స్ వాళ్ళు పెట్టారు, తర్వాత హెచ్‌పీసీఎల్‌ది అయింది. "పెట్రోలు మన గుమ్మంలో వండుతున్నారండీ, మనకే లీటరు 108!" 31 శాతం వ్యాట్, దానిమీద లీటరుకి 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఓ రూపాయి. రేటు రోజూ మార్చే పద్ధతిని 2017 మే 1న ముందుగా పరీక్షించిన ఐదు ఊళ్ళలో విశాఖ ఒకటి. దేశమంతా జూన్ 16న మొదలెట్టిన దినచర్యని మైలేజీ గారు నెలన్నర ముందే మొదలెట్టారు. పొద్దున్నే సుప్రభాతం కన్నా ముందు పెట్రోలు రేటు.

పుదుచ్చేరి పన్నులు కాబట్టి యానాంలో పెట్రోలు చవక. ఓ ఆదివారం అక్కడికి వెళ్ళి ట్యాంకు నింపుకొద్దామన్నారు. ట్యాంకులో పట్టేది 45 లీటర్లు, రానుపోను మూడొందల కిలోమీటర్ల పైమాట. కూతురు ఫోన్లో లెక్కగట్టి చూపించాక ఆ ప్రయాణం ఆగింది.

ఆయన బండిలో ఎక్కడం ఓ అనుభవం. ఎక్కేముందు మన సంచీ వైపు చూస్తారు. మూడో వరసలో కూర్చున్న తల్లి "ఒరే, ఉక్కగా ఉందిరా" అంటే, "బీచ్ రోడ్డు రానీ అమ్మా, గాలి ఫ్రీ" అంటారు. ఓసారి సింహాచలం కొండ దిగుతూ న్యూట్రల్‌లో వేశారు. పక్కసీట్లో అల్లుడు ఉలిక్కిపడి, "మావయ్యగారూ, గేర్లో ఉంచి కాలు తీసేస్తే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు కట్ చేసేస్తాయి. న్యూట్రల్‌లోనే తాగుతాయి. పైగా బ్రేకుల మీద భారం" అన్నాడు. మైలేజీ గారు మారుమాట్లాడకుండా మూడో గేరు వేశారు. చావుకి కాదు, న్యూట్రల్‌లో తాగుతుందన్న మాటకి భయపడ్డారు.

డైరీకెక్కని ఖర్చులు ఇంకా ఉన్నాయి. పోర్టు వైపు వెళ్ళొస్తే బొగ్గు పొడికి తెల్లబండి బూడిదరంగుకి తిరుగుతుంది, కడిగించాలి. ఉప్పుగాలికి అడుగు తుప్పు పట్టకుండా కోటింగు వేయించాలి. ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు సరేసరి. అన్నిటికన్నా పెద్దది, గేటు ముందు కదలకుండా నిలబడ్డా ఏటేటా కరిగిపోయే బండి విలువ. ఈ ఖర్చులు చాలామటుకు బండి తిరిగినా తప్పవు, తిరక్కపోయినా తప్పవు. కాబట్టి పెట్రోలు మిగలాలని బండిని ఎంత తక్కువ తిప్పితే కిలోమీటరు అంత ప్రియమవుతుంది. ఈ సంగతి కనిపెట్టింది ఆయన కాదు, సెక్టారంతటికీ చీటీల లెక్క చూసే ఆయన భార్య.

"మీరొక్కరూ తిరిగితే పెట్రోలుకే కిలోమీటరుకి 7 రూపాయల 83 పైసలు. ఏడుగురం ఎక్కితే మనిషికి రూపాయి పన్నెండు పైసలు. బరువుకి లీటరుకో కిలోమీటరు తగ్గిందే అనుకోండి, ఇంకో పది పైసలు. ఏడు సీట్లు కొన్నది ఎందుకు, మనుషుల్ని ఎక్కించుకోడానికా, దింపడానికా?"

మైలేజీ గారు ఆలోచనలో పడ్డారు. ఇంతలో 2025 ఆగస్టు 15 వచ్చింది, స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆడవాళ్ళకి ఎక్స్‌ప్రెస్ దాకా బస్సు ఉచితం. అన్నవరంలో వ్రతం అనుకున్నారు. తల్లి, భార్య, కూతురు, మనవరాలు కలిపి నాలుగు సీట్లు.

"మీ నలుగురూ బస్సులో వచ్చేయండి. బండి తేలిగ్గా ఉంటుంది, కచ్చితంగా పదహారు దాటిస్తాను."

"మేం నలుగురం సున్నాకి వెళ్తుంటే, మీరు పెట్రోలు తగలేసి, వేంపాడు టోలు కట్టి, సంచులు మోసుకొస్తారా?"

ఈ లెక్కకి ఎదురులేదు. కూర్మన్నపాలెం జంక్షన్లో అందరూ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. ఆడవాళ్ళు ఆధార్ చూపించి సున్నా టికెట్లు తీసుకున్నారు. మగవాళ్ళకి డబ్బులిచ్చి టికెట్లు కొన్న మైలేజీ గారు, వెనక సీట్లన్నీ వదిలేసి డ్రైవరు పక్కనున్న ఇంజను బానెట్ దగ్గరికి చేరారు. లంకెలపాలెం దాటేదాకా ఓపిక పట్టారు.

"ఎంతిస్తుందండీ?"

డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మొహం ముడిచాడు. "ఐదు సార్. డిపోలో ఐదుంపావు అడుగుతున్నారు. కేఎంపీఎల్ పడిపోతే పిలిచి క్లాసు పీకుతారు. ఇంతమందిని ఎక్కించుకుని ఎక్కణ్ణించి తెమ్మంటారండి?"

"గేర్లో ఉంచి కాలు తీసెయ్యండి" అన్నారు మైలేజీ గారు, బానెట్ మీద సర్దుకుని కూర్చుంటూ. "ఆ డైరీ ఉంటే చూపించేవాణ్ణి."