హంపికి టికెట్, పెనుకొండలో దిగుడు

1991 నాటి ‘ఆదిత్య 369’ కాలయంత్రం, 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ కారు బుజ్జి ఒకే సినిమాలో కలిస్తే?

లొకేషన్ వెతకక్కర్లేదు. మొదటి సినిమా హీరోగారి నియోజకవర్గం హిందూపురమే.

యంత్రం రాయలవారి హంపికని బయల్దేరింది. కాస్త ముందుకు జరిగి 1565 దాటేసింది. తళ్లికోట యుద్ధం అయిపోయింది, రాజధాని పెనుకొండకొచ్చేసింది.

ఎవరూ కంగారుపడలేదు. రాజధాని మారడం మనకేమన్నా కొత్తా!

ఈలోగా బుజ్జి మొరాయించింది. పక్కనే ఎర్రమంచి, కియా ఫ్యాక్టరీ. తోసుకెళ్లారు.

గేటు దగ్గర సెక్యూరిటీ పైనుంచి కిందికి చూశాడు.

“ఇది మహీంద్రావాళ్లు చేసిన బండి కదా సార్?”

సరే, నేరుగా 2898లో హిందూపురం. అక్కడింకా దీక్షా శిబిరం. 2022లో పుట్టపర్తికి పోయిన జిల్లా కేంద్రం కావాలట.

‘కల్కి’ హీరో భైరవ నోరెళ్లబెట్టాడు.

“కాంప్లెక్స్‌లో దూరడమే కష్టమనుకున్నా. కలెక్టరేట్ అంతకన్నా కష్టమా!”

చివరి మజిలీ ధర్మవరం. ఏ కాలం కావాలంటే ఆ కాలానికి తీసుకెళ్తామని మైకులో చాటారు. మగ్గం గుంతలోంచి ఒక నేతన్న తల పైకెత్తాడు.

“రాజుల కాలం వద్దు, రోబోల కాలం వద్దు. ముడిపట్టు ధర తగ్గి, చీర ధర పెరిగిన సంవత్సరం ఏదుంటే అక్కడ దించండి నాయనా.”

మీటరు తిప్పారు.

ఇంకా తిప్పుతూనే ఉన్నారు.