పేరేస్తం తియ్యన్నా!

సాగర్‌ 26 గేట్లు ఎత్తిండ్రంటే నల్లగొండ ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్‌కు పండుగే. కెమెరాకు పాలిథిన్ కవర్ చుట్టి, తుంపరల తడుసుకుంట ఒక్క మంచి ఫొటో తీస్తడు. పొద్దుమీకేసరికి అది ఊరూరా ఫ్లెక్సీ ఎక్కుతది. మూలనున్న పేరు మాయం, ఆ జాగల లీడర్ దండం పెడుతుంటడు! పైసలడిగితే ‘పేరేస్తం తియ్యన్నా’ అంటరు. పేరేదంటే ‘వాట్సాప్‌ల వచ్చింది’ అంటరు. పాలమూరుల పిల్లలమర్రి ఫొటోకూ ఇదే గతి. కాపీరైట్ చట్టం మాత్రం దొడ్డ మనసుది: తీసినోడు పోయినంక కూడా 60 ఏండ్లు హక్కుంటదట. బిల్లు కూడా అప్పటికే పాసైతదేమో! ఫ్లెక్సీ అన్నలూ, పేరు కత్తిరించే ముందు ఒక్క ఫోన్ కొట్టుండ్రి. నంబరు కూడా ఆ పేరు కిందనే ఉంటది.