బంకు చూసి బండి ఆపాలి

పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలో ఫోన్ని అడిగే రోజులొచ్చాయి. అది ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపడం, అది ఎటు తిరగమంటే అటు తిరగడం. అదేమిట్రా అంటే "నీకు తెలీదులే చిన్నతాతయ్యా" అంటారు. నాకు తెలీకపోవడమేమిటి! చల్లపల్లి సెంటర్లో అంబాసిడర్ టాక్సీ పెట్టుకుని పెళ్ళాం పిల్లల్ని పోషించినవాణ్ణి. మోపిదేవి యాత్రికుల్నీ, బెజవాడ ఆసుపత్రులకి రోగుల్నీ, హైదరాబాదుకి పెళ్ళిళ్ళవాళ్ళనీ తిప్పీ తిప్పీ ఈ వయసుకొచ్చాను. దారిలో పెట్రోలు అయిపోయి ఏ బేరమూ చెడగొట్టుకోలేదు.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటే, మా పెద్దన్నయ్య మనవడు డాలస్‌లో ఉంటాడు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శని ఆదివారాలు విమానం తోలతాడు. నాలుగు సీట్ల సెస్నా 172. క్లబ్బు వాళ్ళది, గంటకింత అని వాళ్ళకి కట్టి, పెట్రోలు మనం పోయించుకోవాలట. ఆ పెట్రోలు పోయించుకునే ఊళ్ళు ఎంచడం దగ్గరే వాడికీ నాకూ పేచీ.

మా రోజుల్లో బంకు ఎంచడం ఒక విద్య. బర్మా షెల్, కాల్టెక్స్, ఎస్సో అని బోర్డులుండేవి. 1970ల్లో సర్కారు వాటన్నిటినీ తీసేసుకుని భారత్ పెట్రోలియం, హిందుస్తాన్ పెట్రోలియం చేసింది. బోర్డు ఏదైతేనేం, మేం చూసేది బోర్డు కాదు. మొదటి సంగతి, ఆ బంకు మెరక మీదుందా పల్లంలో ఉందా? ఇది డెల్టా. రెండు గజాలు తవ్వితే నీళ్ళు పడే నేల. వానాకాలంలో పల్లపు బంకు దగ్గర భూమిలో ఉన్న ట్యాంకులోకి నీరు దిగిందంటే అది నీ కార్బొరేటర్లోకి వస్తుంది, పామర్రు దాటకముందే బండి దగ్గడం మొదలుపెడుతుంది. రెండోది, ట్యాంకరు లారీ వచ్చి దించుతుంటే ఆ పూట ఆ బంకులో పోయించకూడదు. అడుగున పేరుకున్న మడ్డంతా లేచి ఉంటుంది. మూడోది, లారీలవాళ్ళు ఎక్కడ ఆగుతున్నారు? రోజూ అదే రోడ్డున పోయేవాణ్ణి మోసం చేసే బంకు ఎంతోకాలం నిలవదు. అన్నిటికంటే పైది ఒకటుంది. ముల్లు సగానికొస్తే పోయించెయ్యాలి. నందిగామలో కరెంటు లేకపోతే జగ్గయ్యపేట, అక్కడ స్టాకు లేకపోతే కోదాడ, అదీ కాకపోతే సూర్యాపేట. ముందు బంకు మూసున్నా దాని తర్వాతి బంకుకి చేరేంత ట్యాంకులో ఉండాలి. మా మేస్త్రీ నాకు స్టీరింగు ఇచ్చిన రోజున చెప్పిన మాట అది. అంతకుమించి ఆయన చెప్పిందీ లేదు.

అంబాసిడర్ ముల్లుని నమ్మేవాడు లేడు లెండి. గతుకు తగిలితే ఫుల్లు చూపించేది, మలుపు తిరిగితే ఖాళీ చూపించేది. వెదురు పుల్ల దించి తడి ఎంతదాకా ఉందో చూసుకునేవాళ్ళం. ఇది చెబితే మావాడు పడీ పడీ నవ్వి, "మేమూ అంతే, రెక్క మీదకెక్కి మూత తీసి పుల్ల పెట్టి చూస్తాం" అన్నాడు. కోటి రూపాయల బండికి పుల్లే గతి!

అయితే వాడి లెక్క మన లెక్కంత తేలిక కాదు, ఒప్పుకుంటాను. సెస్నా రెండు రెక్కల్లో కలిపి వాడుకోగలిగే పెట్రోలు 53 గాలన్లు. గంటకి ఎనిమిదో తొమ్మిదో తాగుతుంది. అలా చూస్తే అయిదు గంటల పైన ఎగరొచ్చు అనిపిస్తుంది. కానీ గాలన్ పెట్రోలు 6 పౌన్ల బరువు. నిండా పోస్తే అదే 318 పౌన్లు. వాడూ, పెళ్ళామూ, అత్తమామలూ, వాళ్ళ సూట్‌కేసులూ ఎక్కితే ట్యాంకు సగమైనా నింపడానికి లేదు. మా అంబాసిడర్లో పెళ్ళికొడుకు తరఫు తొమ్మండుగురు కూర్చున్నా ట్యాంకు నిండుగానే ఉండేది, స్ప్రింగులు మూలిగేవి, అంతే. విమానం మూలగదు, లేవడం మానేస్తుంది. అందుకని డాలస్ నుంచి అట్లాంటాకి, గాల్లో 630 నాటికల్ మైళ్ళ చిల్లర, నలుగురితో వెళ్ళాలంటే రెండు మూడు చోట్ల దిగక తప్పదు. ష్రీవ్‌పోర్ట్, మన్రో, విక్స్‌బర్గ్, జాక్సన్, మెరిడియన్, ఇలా దారిపొడుగునా ఊళ్ళున్నాయి. ప్రతి ఊరికీ ఒక విమానాశ్రయం, కొన్నిటికి రెండు. ఆ దేశంలో ఎవరైనా దిగగలిగే విమానాశ్రయాలు 5,000 దాకా ఉన్నాయట.

అన్ని ఉండేసరికి కుర్రాళ్ళకి కళ్ళు చెదిరిపోతాయి. ఫలకంలాంటి టాబ్లెట్టు మీద దేశం పటం, ప్రతి విమానాశ్రయం పక్కనా గాలన్ ధర. మావాడు ఏం చేశాడంటే, గాలన్‌కి డాలరు తక్కువని దారికి ఇరవై నిమిషాలు పక్కకిపోయి దిగాడు. పోయించింది 25 గాలన్లు. మిగిలింది 25 డాలర్లు. క్లబ్బుకి గంటకి 110 చొప్పున ఇరవై నిమిషాలకి 37 డాలర్లు కట్టాడు, పైగా ఆ ఇరవై నిమిషాలకీ మూడు గాలన్లు కాలిపోయింది. పాతిక మిగుల్చుకుని యాభై పోగొట్టుకున్న మేధావి! ఉయ్యూరులో లీటరుకి పది పైసలు తక్కువని కంకిపాడు నుంచి వెనక్కి వెళ్ళే డ్రైవరుని మేం స్టాండులోకి రానిచ్చేవాళ్ళం కాదు.

అది డబ్బుతో పోయింది. ఇంకోసారి ఆదివారం మధ్యాహ్నం ఒక చిన్న ఊళ్ళో దిగాడు. మనిషన్నవాడు లేడు. పంపు దగ్గర కార్డు గీకితే పెట్రోలొస్తుంది, అదీ అక్కడి పద్ధతి. ముందు మెరుపుల్లాంటి రవ్వలు రాకుండా విమానానికి తీగ తగిలించాలి, నిచ్చెనెక్కి రెక్క మీద మూత తియ్యాలి, అన్నీ మనమే. ఇవన్నీ చేసి కార్డు గీకితే మిషను చచ్చిపోయి ఉంది. గోడ మీద నంబరుకి ఫోను చేస్తే ఎత్తేవాడు లేడు. పగటిపూట కళ్ళతో చూస్తూ ఎగిరేవాళ్ళకి, వెళ్ళాల్సిన చోటికి చేరాక ఇంకో 30 నిమిషాలకి సరిపడా పెట్రోలు మిగలాలని అమెరికా రూలు, రాత్రయితే 45. రూలు ప్రకారం వాడి దగ్గర ఉంది. పక్క ఊరికి ఎగరడానికి అదీ చాలుతుంది. కానీ పక్క ఊళ్ళో కూడా మిషను చచ్చిపోయి ఉంటే? ఆ ప్రశ్న వాడి బుర్రలోకి అప్పుడొచ్చిందట. చెట్టు కూడా లేని ఎండలో మూడు గంటలు కూర్చున్నారు, అత్తగారు సహా. ఎవరో వచ్చి తాళం తీసి పోసిపెట్టారు. అల్లుడి గురించి అత్తగారు ఏమనుకుందో నాకు కబురందింది గానీ ఇక్కడ రాయను.

ముప్ఫై నిమిషాలు సర్కారు పెట్టిన హద్దు. హద్దు మీద నడిచేవాడు డ్రైవరా? వాడికి నేర్పిన గురువు గంట ఉంచుకోమని చెప్పాడట, పుణ్యాత్ముడు. గాలి సంగతి కూడా ఆయనే చెప్పాడు. అక్కడ పైన గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. అట్లాంటా వెళ్ళేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. పోయేటప్పుడు ఆగిన ఊరికి వచ్చేటప్పుడు చేరలేకపోవచ్చు. మా అంబాసిడర్‌కి లక్ష్మీపురం షుగర్ ఫ్యాక్టరీ చెరకు బళ్ళు తప్ప అడ్డమొచ్చేదేమీ ఉండేది కాదు.

ఇంక మన దేశం సంగతి చెబితే ఏడుపొస్తుంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి టపా మూటలతో పుస్ మాత్ విమానంలో బయల్దేరి అహ్మదాబాద్‌లో దిగితే, బర్మా షెల్ వాళ్ళు నాలుగు గాలన్ల డబ్బాల్లో పెట్రోలు ఎద్దుబండి మీద తెచ్చి పోశారు. బొంబాయి నుంచి ఆ టపాని ఆయన తోటి పైలట్ నెవిల్ విన్సెంట్ అందుకుని, బళ్ళారిలో రాత్రి ఆగి, మర్నాడు మద్రాసు చేరాడు. అప్పటికి బళ్ళారి మన మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఎద్దుబండే అయినా, వేళకి అక్కడుంది చూశారా! ఇప్పుడు గన్నవరంలో రన్‌వే పొడుగు 3,360 మీటర్లు, అంతర్జాతీయం అని పేరు. పెద్ద విమానాలు తాగేది కిరసనాయిలు లాంటి ఏటీఎఫ్. సెస్నాలాంటి చిన్నవాటికి కావలసింది ఏవీగ్యాస్, అంటే మన పాత పెట్రోలుకి తోబుట్టువు. అది మన దేశంలో దొరికే చోట్లు అతి తక్కువ. 2022 దాకా అంతా దిగుమతే. ఆ సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్ళు గుజరాత్ రిఫైనరీలో తయారైన సరుకు విడుదల చేశారు. ఈ తలనొప్పి పడలేకే మన ఫ్లయింగ్ స్కూళ్ళు కొన్ని ఏటీఎఫ్‌తోనే నడిచే డైమండ్ విమానాలు కొనుక్కున్నాయి. పెట్రోలు దొరికినా ఎగరడానికి ముందు ఫ్లైట్ ప్లాను, ఎఫ్‌ఐసీ నంబరు, వాయుసేన వాళ్ళ ఏడీసీ నంబరు ఉండాలి. అటు కొరిశపాడు దగ్గర హైవే మీదే విమానాలు దిగేలా నాలుగు కిలోమీటర్ల రోడ్డు వేశారు, 2022 డిసెంబరులో వాయుసేన విమానాలతో పరీక్షించారు కూడా. బాగానే ఉంది. రోడ్డు మీద యుద్ధవిమానాలకి చోటుంది, చిన్న విమానానికి పెట్రోలు పోసే బంకు మాత్రం లేదు.

అలాగని అమెరికావాళ్ళది అంతా గొప్పేం కాదు. మన కార్ల పెట్రోలులోంచి 2000లోనే సీసం తీసేశారు. వాళ్ళ చిన్న విమానాలు ఇంకా సీసం కలిపిన పెట్రోలే తాగుతున్నాయి. 2030 కల్లా మానేస్తామంటున్నారు. చూద్దాం.

ఒకరోజు వీడియో కాల్‌లో వాడు చూపించిన పని మాత్రం నాకు నచ్చింది. పోయించిన కాసేపటికి రెక్క కిందికి వంగి, చిన్న గాజు గొట్టంలాంటిది పైకి నొక్కాడు. అందులోకి లేత నీలంరంగు పెట్రోలు దిగింది. గొట్టం వెలుతురుకి ఎత్తి చూశాడు. నీళ్ళుంటే అడుగున ముత్యాల్లా వేరుగా నిలబడతాయట. నీలం కాకుండా తెల్లగా ఉంటే ఏటీఎఫ్ పొరపాటున పోశారన్నమాట, లేచిన కాసేపటికి ఇంజను ఆగిపోతుంది. ఇంత చిన్న గొట్టం మాకుంటే పల్లపు బంకుల బండారం ఎప్పుడో బయటపడేది.

ఇంకోటి కూడా నచ్చింది. అక్కడ చిన్న ఊళ్ళ విమానాశ్రయాల్లో పైలట్ల కోసం ఒక పాత కారు ఉంచుతారు. చాలాచోట్ల పోలీసులు వాడి వదిలేసిన కార్లట. సొరుగులో తాళాలుంటాయి. తీసుకుని ఊళ్ళోకి వెళ్ళి భోంచేసి, కాస్త పెట్రోలు పోయించి తెచ్చి పెట్టాలి, అంతే. అద్దె లేదు. ముక్కూ మొహం తెలియనివాడి చేతికి కారు తాళాలివ్వడం! నా బండి తాళాలు నేను మా బావమరిదికి కూడా ఇవ్వలేదు.

వచ్చే నెల మళ్ళీ అట్లాంటా వెళ్తాడట. ఆగే ఊళ్ళ పట్టిక నాకు పంపించాడు. ధరలు చూడలేదు నేను. "ఆదివారం మనిషుంటాడా? ఫోను చేశావా?" అని అడిగాను. "యాప్‌లో ఇరవైనాలుగ్గంటలూ అని ఉంది" అన్నాడు. నీ యాప్ తగలెయ్య, నంబరు కొట్టమన్నాను. గొణుక్కుంటూ కొట్టాడు. ఎత్తినాయన ఎవరో నా ఈడువాడే అయ్యుంటాడు. పంపు బాగుచేయడానికి విప్పి పెట్టారనీ, వచ్చేవారం దాకా పని చెయ్యదనీ, పక్క ఊరి విమానాశ్రయంలో ఆదివారం చర్చి నుంచి వచ్చాక తమ్ముడు ఉంటాడనీ, తమ్ముడి నంబరు ఇదనీ చెప్పాడట.