ముసాయిదా, తూచ్, ప్రమోషన్!

మీవాడికి ఇంజినీరింగ్ అయిపోయిందా? అమెరికా వీసా రాలేదా? దిగులెందుకండీ! దిల్లీలో దివ్యమైన కొలువొకటుంది. పేరు కాస్త పొడుగు. ప్రభుత్వ సాంకేతిక, ఇంటర్నెట్ విధాన నిపుణుడు. కోడు రాయక్కర్లేదు. కేబుల్ లాగక్కర్లేదు. సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేవక్కర్లేదు. నోట్ రాయాలి. అది బెడిసికొడితే తూచ్ అనాలి. ఆపైన పై కుర్చీ ఎక్కాలి. అయిపోయింది.

నమ్మరా? అయితే పాఠాలు వినండి.

మొదటి పాఠం, ముసాయిదా. 2015 సెప్టెంబరులో కేంద్రం జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా బయటపెట్టింది. గుట్టుగా పంపుకున్న సందేశాలను గుట్టు విప్పిన రూపంలో 90 రోజులు దాచిపెట్టాలట. పోలీసులడిగితే చూపించాలట. అంటే, వదినగారు వాట్సాప్‌లో పంపిన గోంగూర పచ్చడి కొలతలు కూడా మూణ్ణెల్లు జాగ్రత్త చెయ్యాలన్నమాట! జనం పకపకా నవ్వారు. ముందు వాట్సాప్ లాంటివాటికి మినహాయింపన్నారు. ఆ వెంటనే మొత్తానికే తూచ్ అన్నారు. రాసిందెవరయ్యా అంటే నిపుణుల బృందమన్నారు. ఆ నిపుణుల్లో ఒక్కరికైనా ఇంక్రిమెంటు ఆగిందా? మీరే చెప్పండి.

పాఠం వంటబట్టిందా? అబ్బే, తూచ్ అనడం మాత్రమే వంటబట్టింది. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక హెచ్చరిక జారీ చేసింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దంది. దుర్వినియోగం కావచ్చంది. మంచి మాటే. లాడ్జిలో గదికి జిరాక్సు. సిమ్ కార్డుకి జిరాక్సు. బళ్లో సీటుకి జిరాక్సు. దశాబ్దం పైగా ఊరూరా జిరాక్సులు పంచిపెట్టిన జనం గుండె గుభేలుమంది. రెండ్రోజులు తిరక్కుండానే ప్రెస్‌నోట్ వచ్చింది. అపార్థం చేసుకునే ప్రమాదముంది కాబట్టి హెచ్చరికను ఉపసంహరించారట. మరి జిరాక్సులు? అవి మాత్రం వెనక్కి రాలేదు.

2025 నవంబరు చివర్లో అదే తంతు. ప్రతి కొత్త ఫోనులోనూ సర్కారువారి సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని కంపెనీలకు హుకుం. గోల మొదలైంది. డిసెంబరు 3న తూచ్. వారం కూడా నిలవని ఆజ్ఞకి ఎన్ని మీటింగులు జరిగాయో, ఎన్ని సమోసాలు ఖర్చయ్యాయో!

రెండో పాఠం, నాకేం తెలుసు. ఇది కొంచెం పెద్ద క్లాసు వాళ్లకి. కరోనా రోజుల్లో ఆరోగ్య సేతు యాప్ గుర్తుందా? ఆఫీసుకెళ్లాలంటే అది ఫోనులో ఉండి తీరాలని 2020 మేలో ఉత్తర్వులిచ్చారు. ఒక పౌరుడు సమాచార హక్కు కింద చిన్న ప్రశ్న వేశాడు. దీన్ని తయారు చేసిందెవరు? నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్‌కి తెలియదట. ఐటీ శాఖకీ తెలియదట! కోట్లమంది ఫోన్లలోకి దూరిన యాప్‌కి తల్లీ తండ్రీ కనపడలేదు. కేంద్ర సమాచార కమిషన్ తలవాచేలా చివాట్లు పెట్టాకగాని వివరణ ఊడిపడలేదు.

ఇంటర్నెట్ కట్ చెయ్యడం సంగతీ ఇంతే. పరీక్షుందా? కట్. గొడవయిందా? కట్. కశ్మీరులో 2019 ఆగస్టులో పోయిన 4జీ 2021 ఫిబ్రవరిలో గాని తిరిగి రాలేదు. ఇలా దేశంలో ఎన్నిసార్లు ఆపారని పార్లమెంటు స్థాయీ సంఘం అడిగింది. టెలికాం శాఖ దగ్గర లెక్కల్లేవు. హోం శాఖ దగ్గరా లెక్కల్లేవు. 2021 డిసెంబరు నివేదికలో ఆ సంఘమే ఈ మాట రాసింది. పొద్దున లేస్తే డేటా, డేటా అని జపం చేసే సర్కారు దగ్గర సొంత స్విచ్చు ఎన్నిసార్లు నొక్కిందో డేటా లేదు. నవ్వాలా? ఏడవాలా?

మూడో పాఠం, కోర్టు చెప్పింది కదా అని కంగారు పడొద్దు. నెట్‌లో అభ్యంతరకర రాతలు రాస్తే జైలన్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. చచ్చిన సెక్షన్ కింద పోలీసులు బతికున్న మనుషుల మీద ఏళ్ల తరబడి కేసులు రాస్తూనే ఉన్నారు. 2021లో ఆ సంగతి తెలిసి సుప్రీంకోర్టే నిర్ఘాంతపోయింది. తీర్పు ఠాణాకి చేర్చాల్సిన బాధ్యత ఎవరిది? డిజిటల్ ఇండియాలో కానిస్టేబుల్‌కి ఒక మెసేజ్ పెట్టడానికి ఆరేళ్లు చాలలేదా?

నాలుగో పాఠం అన్నింటికీ మించింది. దీని పేరు డేటా రక్షణ. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కే కాదని సర్కారు సుప్రీంకోర్టులో నిలబడి వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా, అది హక్కేనన్నారు. అంతే, నిపుణులవారు ప్లేటు ఫిరాయించారు. గోప్యత మా ప్రాణమన్నారు. 2018లో శ్రీకృష్ణ కమిటీ నివేదిక. 2019లో బిల్లు. 2022లో ఆ బిల్లుకి తూచ్. అదే ఏడాది ఇంకో ముసాయిదా. దాని మీద ప్రజలు పంపిన అభిప్రాయాలను ప్రజలకి చూపబోమని ముందే చెప్పేశారు. మన ఉత్తరం మనకి రహస్యమట! చివరికి 2023 ఆగస్టులో చట్టం, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి.

ఇప్పుడు అసలు చమత్కారం చూడండి. మన డేటాని కాపాడే ముఖ్యమైన సెక్షన్లు అమలవడానికి 18 నెలల గడువు పెట్టారు. వ్యక్తిగత సమాచారం పేరిట సమాచార హక్కు చట్టానికి కత్తెర వేసే సెక్షన్ మాత్రం వెంటనే అమల్లోకొచ్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనే మాట ఆ క్లాజులోంచి ఎగిరిపోయింది. ప్రభుత్వ సంస్థలను నోటిఫికేషన్‌తో చట్టం నుంచి తప్పించే వీలు సరేసరి. సామాన్యుడికి ఏడాదిన్నర క్యూ. సారువారికి స్పెషల్ దర్శనం. ఇది గోప్యతా, గూడుపుఠాణీనా?

ఇదంతా దిల్లీ భాగోతం, మనకెందుకంటారా? తెలంగాణలో 2016లో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికెళ్లి చూడకుండా, కంప్యూటర్ లెక్కలతో ఏరేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులన్నింటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. ఆరేళ్లు! నిపుణుడికి అది ఎక్సెల్ షీటులో ఒక గడి. బీడీలు చుట్టే ఆడమనిషికి అది నెలనెలా వచ్చే బియ్యం. ఆమె అరిగిన వేలు రేషన్ దుకాణంలోని వేలిముద్ర యంత్రానికి ఆనకపోతే తప్పు వేలిదట. యంత్రం తెమ్మన్నవాడిది ఎప్పుడైనా తప్పయిందా?

పోనీ పల్లెకి ఇంటర్నెట్టయినా ఇచ్చారా? రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్ వేస్తామని 2011లో మంత్రివర్గం తీర్మానించింది. పేరు మారి భారత్‌నెట్ అయింది. గడువులు మారాయి. ప్రభుత్వాలు మారాయి. 2023 ఆగస్టులో ఇంకో 1.39 లక్షల కోట్లు మంజూరు చేశారు. కాన్ఫరెన్సు తెర మీద మాత్రం ఎప్పుడూ 100 శాతమే.

ఇక ఆఖరి మెట్టు. రిటైరయ్యాక ఏడాది దాకా ప్రైవేటు కొలువుకి సర్కారు అనుమతి కావాలి. అడిగితే ఇస్తారు. ఆగినా ఇబ్బంది లేదు, ఏడాదెంతసేపు? నిన్నటిదాకా కంపెనీలకి తాఖీదులు రాసిన చెయ్యే నేడు కంపెనీల తరఫున విన్నపాలు రాస్తుంది. సాయంత్రం టీవీలో పౌరుల డిజిటల్ హక్కుల మీద ఉపన్యాసమిస్తుంది. మన ఖర్మకొద్దీ మనం చప్పట్లు కొడతాం.

ఇక చాలు. ప్రతి ముసాయిదా కింద రాసిన అధికారి పేరుండాలి. ప్రజలు పంపిన ప్రతి అభిప్రాయం ప్రజలకి కనపడాలి. కార్డు తీసేసే ముందు ఒక మనిషి తలుపు తట్టాలి. పొరపాటున తీసేస్తే ఆ నెలల బియ్యం వెనక్కివ్వాలి. ఇవి గొంతెమ్మ కోరికలా? ఈసారి ఓటుకొచ్చినవాళ్లు యాప్ గురించి గొప్పలు చెబితే ఆపి అడగండి. అది పనిచెయ్యని రోజున ఎవరి తలుపు తట్టాలో పేరు చెప్పి, అడ్రసు రాసిచ్చి కదలమనండి.