బంగారు ముద్ర నాన్న

మే నెలాఖరున టెక్సస్‌లో ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో ఏ ఎలిమెంటరీ స్కూలు కెఫెటీరియాలోకి తొంగిచూసినా ఈయన కనిపిస్తాడు. ఐదో క్లాసు పిల్లల ప్రమోషన్ పదింటికైతే తొమ్మిదికే వచ్చి ముందు వరసలో నాలుగు కుర్చీలు పట్టేస్తాడు. ఒకప్పుడు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు విసిరిన చెయ్యే అది. ఇప్పుడు లాప్‌టాప్ బ్యాగు వేస్తోంది, అంతే తేడా.

పక్కన విజిటర్ వీసా మీద వచ్చిన అత్తామామలు. అత్తగారు పట్టుచీరలో ఉన్నారు. "ఐదు పాసై ఆరుకెళ్తే ఇంత హంగామా ఏమిటల్లుడూ?" అని మామగారు గొణుగుతారు. ఈయనకి వినపడదు. ప్రోగ్రామ్ కాగితం, పెన్నూ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఈయన కన్నంతా ప్రెసిడెంట్ పేరిట ఇచ్చే అవార్డు మీదే. రీగన్ కాలంలో, 1983లో మొదలైంది. చదువులో మేటి అయితే బంగారు ముద్ర, కష్టపడి పైకొస్తే వెండి ముద్ర. బంగారానికి నూటికి 90 మార్కుల సగటు ఉండాలి. దానికితోడు పరీక్షల స్కోరో టీచర్ల సిఫారసో. వెండి ముద్రే నిజంగా గొప్పదని నా అభిప్రాయం. ఈయన దగ్గర అనకండి, ఆ మాట ఓదార్పుగా వినిపిస్తుంది.

పేరు పిలిచినప్పుడల్లా కాగితం మీద టిక్కు పడుతుంది. తన పిల్ల పేరుకే కాదు, ప్రతి పేరుకీ. కూతురు స్టేజీ ఎక్కగానే హాలు అదిరేలా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత బంగారం పదిహేడో పేరు దాటేసరికి ముఖం వాడింది. అర్హత ఉంటే ఎంతమందికైనా ఇవ్వచ్చని, లెక్కకి హద్దు లేదని అప్పుడే తెలిసింది పాపం. కేకు దగ్గర ప్రిన్సిపాల్‌ని పట్టుకుని, "అందరిలోకీ ఎక్కువ ఎవరికండీ?" అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాడు. ఆవిడ అంతకన్నా మర్యాదగా, "పిల్లలందరూ అద్భుతం" అంది.

సాయంత్రం తెనాలికి ఫోను.

"నాన్నా, పిల్లకి ప్రెసిడెంటు అవార్డొచ్చింది."

"మన పంచాయతీ ప్రెసిడెంటు అక్కడికొచ్చాడా?"

"అమెరికా ప్రెసిడెంటు నాన్నా! సంతకం కూడా ఉంది."

"బాగుందిరా. మరి ఫస్టెవరు?"

"ఇక్కడ అలా ఫస్టూ సెకండూ ఉండవు" అని ఫోను పెట్టేశాడుగానీ, ఆ ప్రశ్న తాను మధ్యాహ్నం అడిగిందే.

పిల్ల మాత్రం ఆ సర్టిఫికెట్ సోఫాలో పడేసి, గోడకి ఒక కాగితం పళ్లెం అంటించుకుంటోంది. క్లాసు టీచరు రంగు పెన్నులతో రాసిచ్చింది: క్లాసంతా నవ్వించినందుకు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో పళ్లెం. షూలేసులు బాగా కట్టినవాడికొకటి, పెన్సిళ్లు అరువిచ్చినదానికొకటి.

ఈయన దగ్గరకెళ్లి చదివాడు. తీసి వెనక్కి తిప్పి చూశాడు.

"నవ్వించడంలో మొత్తం క్లాసుకి నువ్వొక్కదానివేనా?"

"అవును డాడీ."

వెంటనే ఫోను తీసి మళ్లీ తెనాలి కలిపాడు.